ఆపిల్ తోటలో ఉపనిషత్తులు: సత్యానంద్ స్టోక్స్ జీవితం



ఆగస్టు, సెప్టెంబరు నెలలు వచ్చాయంటే హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ ఎక్కడ చూసినా తోపుడుబండ్ల మీద సిమ్లా ఆపిల్స్ దిగిపోతాయి. బేరమాడి కొంటాం, ఇంటికి తెచ్చి ముందు దేవుడి దగ్గర పెడతాం, తర్వాత తింటాం. ఆ ఎర్రటి తియ్యటి రకాన్ని సిమ్లా కొండల్లో నాటి, అక్కడి రైతులకి అలవాటు చేసింది ఒక అమెరికన్. పేరు శామ్యూల్ ఇవాన్స్ స్టోక్స్. మిషనరీ పని మీద మన దేశానికి వచ్చిన మనిషి. చనిపోయే నాటికి ఆయన పేరు సత్యానంద్.

ఈ కథని చాలామంది ఒక్క ముక్కలో చెప్పేస్తారు. అమెరికన్ వచ్చాడు, ఆపిల్ తెచ్చాడు, హిందువైపోయాడు, అంతే. పది నిమిషాల వీడియోలో అంతకంటే చెప్పడం కష్టమే. కానీ ఆయన బొంబాయిలో ఓడ దిగింది 1904లో. హిందూ ధర్మం తీసుకుంది 1932లో. మధ్యలో 28 ఏళ్లు. ఆ 28 ఏళ్లూ ఆయన క్రైస్తవుడే. సన్యాసం, పెళ్లి, వ్యవసాయం, జైలు, కొడుకు చావు, ఇవన్నీ ఒక క్రైస్తవుడిగానే ఎదుర్కొన్నారు. ప్రతి మలుపులోనూ నేను నిజంగా దేన్ని నమ్ముతున్నాను అన్న ప్రశ్న ఆయన ముందుకి వచ్చి నిలబడింది. అందుకే ఈ పోస్టులో ఆపిల్ గురించి తక్కువా, ఆ ప్రశ్న గురించి ఎక్కువా మాట్లాడుకుందాం.

స్టోక్స్ 1882 ఆగస్టు 16న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టారు. బాగా కలిగిన కుటుంబం. నాన్నగారిది లిఫ్టులు తయారు చేసే కంపెనీ. వాళ్లు క్వేకర్లు. క్వేకర్లంటే మనలో చాలామందికి తెలియదు కాబట్టి రెండు మాటలు. క్రైస్తవంలో ఇదొక చిన్న శాఖ. వీళ్ల సంప్రదాయ ప్రార్థనలో పూజారి ఉండడు, పెద్ద తంతులుండవు. అందరూ ఒక గదిలో మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపలి నుంచి మాట వస్తే లేచి చెప్తారు, లేకపోతే మౌనంగానే లేచి వెళ్లిపోతారు. ప్రతి మనిషిలోనూ దేవుడి వెలుగు ఒకటి ఉంటుందని వాళ్ల నమ్మకం. ఈ వెలుగు అనే మాటని కాస్త గుర్తుంచుకోండి.

అలాంటి ఇంట్లో పుట్టిన కుర్రాడికి దారి ముందే వేసి ఉంటుంది కదా. చదువు, తర్వాత నాన్న కంపెనీ, తర్వాత పెళ్లి. అయితే ఇండియాలో కుష్టు రోగుల మధ్య పనిచేసే కార్ల్టన్ అనే డాక్టరు దంపతులు అమెరికా వచ్చినప్పుడు, వాళ్ల పని గురించి స్టోక్స్ విన్నారు. యేసు కుష్టు రోగుల్ని ముట్టుకున్నాడని చిన్నప్పటి నుంచి బైబిల్లో చదివినవాడే. అది నమ్ముతున్నప్పుడు ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నాను అనుకున్నట్టున్నారు. ఇంట్లోవాళ్లకి ఇష్టం లేకపోయినా బయల్దేరారు. 1904 ఫిబ్రవరిలో బొంబాయి చేరేసరికి ఆయన వయసు 21.

సిమ్లా కొండల దిగువన సబాథూ అనే ఊళ్లో కుష్టు రోగుల ఆశ్రమం ఉంది. అక్కడ పనిలో చేరారు. ఆ రోజుల్లో కుష్టుకి సరైన మందు లేదు. కట్లు కట్టడం, తిండి పెట్టడం, పక్కన కూర్చోవడం, అంతే వైద్యం. మైదానాల ఎండ పడక ఆరోగ్యం దెబ్బతింటే ఆయన్ని పైన కొండల్లో కోట్‌గఢ్ అనే చోటుకి పంపించారు. దేవదారు చెట్లు, కింద లోయలో సట్లెజ్ నది, ఎదురుగా మంచు కొండలు. ఆ చోటు ఆయన్ని మళ్లీ వదల్లేదు.

1905 ఏప్రిల్ 4న కాంగ్రాలో పెద్ద భూకంపం వచ్చింది. ఇరవై వేల మంది దాకా చనిపోయారు. స్టోక్స్ సహాయం పనికి వెళ్లారు. సేవ చేయడానికి వచ్చిన తెల్లవాడికీ, సేవ అందుకునే పల్లెవాడికీ మధ్య దూరం అలాగే ఉండిపోతోందన్న సంగతి ఈ రోజుల్లోనే ఆయన్ని కుదిపేసింది. మిషనరీకి బంగళా, నౌకర్లు, గుర్రం. పైగా పాలించే జాతివాడన్న గుర్తింపు. కొండ మనిషి ఆయన్ని చూస్తే దండం పెట్టేవాడే కానీ పక్కన కూర్చునేవాడు కాదు. ఏ ఇల్లూ లేకుండా తిరిగిన యేసు గురించి బంగళా వరండాలో నిలబడి చెప్పడమేమిటి? ఇదీ ఆయన బాధ.

దానికి ఆయన వెతుక్కున్న జవాబు కూడా క్రైస్తవంలోనిదే. ఇటలీలో అసీసీ అనే ఊళ్లో ఎనిమిది వందల ఏళ్ల కిందట ఫ్రాన్సిస్ అనే బట్టల వ్యాపారి కొడుకు ఉండేవాడు. ఆస్తి వదిలేసి, గోనెలాంటి అంగీ తొడుక్కుని, కుష్టు రోగుల్ని కౌగిలించుకున్న సాధువు. స్టోక్స్ ఆయన బాట పట్టారు. ఉన్నదంతా ఇచ్చేసి, పొడవాటి అంగీ ఒకటి వేసుకుని, ఒక కంబళి, ఒక నీళ్ల పాత్ర పట్టుకుని కాలినడకన ఊళ్లు తిరిగారు. గుహల్లో, చెట్ల కింద పడుకున్నారు. అంటురోగాలు వచ్చిన ఇళ్లలోకి, సొంతవాళ్లే వెళ్లని ఇళ్లలోకి వెళ్లి సేవ చేశారు.

ఈ తిరుగుడులో ఆయనకి తోడైన కుర్రాడు ఒకడున్నాడు. పేరు సుందర్ సింగ్. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, 1905లో సిమ్లాలో బాప్తిస్మం తీసుకున్నవాడు. మతం మారినా కాషాయం కట్టుకుని భారతీయ సాధువులాగే తిరిగిన మనిషి. తర్వాత సాధు సుందర్ సింగ్‌గా ప్రపంచమంతా పేరొచ్చింది. ఇద్దరూ కోట్‌గఢ్‌లో కలిసి ఉన్నారు, కలిసి నడిచారు. ఒకరు ఇక్కడ పుట్టి క్రీస్తు వైపు నడుస్తున్నారు. ఇంకొకరు క్రీస్తు కోసం ఇక్కడికి వచ్చి, చివరికి ఉపనిషత్తుల దగ్గర ఆగబోతున్నారు. ఆ కొండ దారిలో నడుస్తున్నప్పుడు ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.

1910లో లాహోర్ బిషప్ ఆశీస్సులతో స్టోక్స్ యేసుని అనుకరించే సోదర బృందం ఒకటి మొదలుపెట్టారు. పెళ్లి వద్దు, ఆస్తి వద్దు, సేవే జీవితం. పేరు వచ్చింది, గౌరవం వచ్చింది. ఇంకొకరైతే జీవితాంతం అక్కడే స్థిరపడి, చనిపోయాక మహాత్ముడు అనిపించుకునేవారు.

స్టోక్స్ రెండేళ్లు తిరక్కుండానే దాన్ని వదిలేశారు.

వదిలేసి పెళ్లి చేసుకున్నారు! మన దగ్గర సన్యాసం పుచ్చుకున్నవాడు వెనక్కి వచ్చి పెళ్లి చేసుకుంటే ఊరు ఏమంటుందో మీకు తెలుసు. అక్కడా అంతే. పైగా చేసుకున్నది ఒక భారతీయురాలిని. ఆగ్నెస్ గారిది రాజపుత్ర వంశం, ఒక తరం కిందట క్రైస్తవం తీసుకున్న కుటుంబం. 1912 సెప్టెంబరులో పెళ్లి. తెల్లవాళ్ల క్లబ్బుల్లో భారతీయులకి ప్రవేశం లేని కాలమది. అలాంటి రోజుల్లో ధనవంతుల ఇంటి అమెరికన్ కొండల్లోని అమ్మాయిని పెళ్లాడి అక్కడే కాపురం పెట్టాడంటే ఇంగ్లీషు సమాజం ఎలా చూసి ఉంటుందో ఊహించుకోండి.

ఎందుకిలా చేశారంటే, సన్యాసి అంగీ కూడా ఒక అడ్డుగోడేనని ఆయనకి తెలిసొచ్చింది. బంగళా ఉన్నప్పుడు దొర అని దండం పెట్టారు, అంగీ వేసుకున్నాక సాధువని దండం పెట్టారు. రెండు సందర్భాల్లోనూ ఆయన బయటివాడే. జాతి తేడా లేదని నమ్మితే దాన్ని ఉపన్యాసంలో కాదు, ఇంట్లో చూపించాలి. పెళ్లాం, పిల్లలు, పొలం, అప్పులు, పంట నష్టం, పొరుగువాడితో గట్టు తగాదా, ఇవన్నీ తనకీ ఉంటే తప్ప తాను వాళ్లలో ఒకడు కాలేడు. నా వరకూ ఆయన జీవితంలో అన్నిటికంటే ధైర్యమైన నిర్ణయం ఇదే. తర్వాత మతం మారడం కంటే కూడా. లోకం మెచ్చుకుంటున్న త్యాగాన్ని, ఇది నా సత్యం కాదని తెలిశాక వదిలిపెట్టడం మామూలు విషయం కాదు.

కోట్‌గఢ్ దగ్గర బారోబాగ్‌లో పాత టీ తోట ఒకటి కొన్నారు. ఇల్లు కట్టి దానికి హార్మొనీ హాల్ అని పేరు పెట్టారు. ఏడుగురు పిల్లలు పుట్టారు. కొండ టోపీ, కొండ బట్టలు, కొండ భాష.

ఆపిల్ సంగతి ఇక్కడొస్తుంది. అంతకుముందే బ్రిటిష్‌వాళ్లు కుల్లూ వైపు ఆపిల్ వేశారు కానీ ఆ రకాలు పుల్లగా ఉండేవి. మన నాలుకకి తీపి కావాలి కదా! 1916లో స్టోక్స్ అమెరికా నుంచి రెడ్ డెలీషియస్ మొక్కలు తెప్పించి నాటారు. కొన్నేళ్లకి గోల్డెన్ డెలీషియస్ కూడా వచ్చింది. ఆయన చేసిన తెలివైన పని ఏంటంటే, తన తోటకి గుత్తాధిపత్యం పెట్టుకోకుండా మొక్కలు చుట్టుపక్కల రైతులకి ఇచ్చారు, పెంచడం నేర్పారు. గోధుమ, బంగాళదుంప వేసుకుని అప్పుల్లో ఉన్న ఆ కొండ ఊళ్ల తలరాత తర్వాతి రోజుల్లో మారిపోయింది. ఇప్పుడు హిమాచల్ ఆర్థిక వ్యవస్థలో ఆపిల్ ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు.

రైతుగా ఉండటం వల్ల ఇంకోటి జరిగింది. మన తెలంగాణ పెద్దవాళ్లని అడగండి, వెట్టిచాకిరీ అంటే ఏంటో చెప్తారు. దొర గడీకి కూలి లేకుండా పనిచేయాలి, అధికారి వస్తే సామాను మోయాలి. సరిగ్గా అదే పద్ధతి సిమ్లా కొండల్లోనూ ఉండేది. అక్కడ దాన్ని బేగార్ అంటారు. హిందుస్థాన్–టిబెట్ రోడ్డు కోట్‌గఢ్ మీదుగా పోతుంది. వేసవిలో ఆ దారిన ఆఫీసర్లు షికారుకి, వేటకి వెళ్లేవాళ్లు. వాళ్ల సామాను మోయడానికి పల్లెవాళ్లు కోతలు వదిలేసి రావాలి. పాలు, కట్టెలు, గడ్డి ఇవ్వాలి. రానంటే శిక్ష. స్టోక్స్ ఊరివాళ్లని కూడగట్టి, అధికారులకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, బేగార్‌కి ఎదురు నిలబడ్డారు. 1921లో ప్రభుత్వం ఆ ప్రాంతంలో దిగిరాక తప్పలేదు.

అప్పటికే ఆయన ఖద్దరు కట్టి కాంగ్రెస్‌లో చేరిపోయారు. ప్రభుత్వ ఉద్యోగాలు వదిలి రమ్మని 1921 అక్టోబరులో గాంధీ, ఇతర నాయకులు విడుదల చేసిన ప్రకటన మీద సంతకం చేసినవాళ్లలో భారతీయుడు కానిది ఈయనొక్కరే. డిసెంబరులో అరెస్టు చేశారు. ఆరు నెలల జైలు. యూరోపియన్ ఖైదీలకి ఇచ్చే ప్రత్యేక సౌకర్యాలు తనకి వద్దన్నారు. స్వాతంత్ర్య పోరాటంలో బ్రిటిష్ ప్రభుత్వం జైల్లో పెట్టిన ఒకే ఒక్క అమెరికన్‌గా ఆయన పేరు నిలిచిపోయింది. ఒక తెల్లవాడు భారతీయుడి బాధని తన బాధగా అనుకోవడం సర్కారుకి మింగుడు పడలేదని గాంధీజీ తన పత్రికలో రాశారు.

ఇంతవరకూ చూస్తే స్టోక్స్ చేసిన ప్రతి పనీ యేసు బోధకి దగ్గరగానే ఉంది. కుష్టు రోగులు, పేదరికం, సమానత్వం, అన్యాయాన్ని ఎదిరించడం. మరి మతం దగ్గర చిక్కు ఎక్కడ వచ్చింది?

చర్చి నేర్పిన ఒక మాట దగ్గర వచ్చింది. నమ్మకం లేనివాళ్లకి శాశ్వత నరకం అన్న మాట అది. క్రైస్తవులందరూ దీన్ని ఒకేలా అర్థం చేసుకోరు, అప్పుడూ ఇప్పుడూ వాళ్లలోనే దీని మీద చాలా చర్చ ఉంది. కానీ మిషనరీ పనికి అప్పట్లో ఇది పెద్ద పునాది. స్టోక్స్ ఏళ్ల తరబడి కొండ మనుషుల మధ్య బతికారు. పొద్దున్నే లేచి దేవుడికి దండం పెట్టుకుని, ఉన్న రొట్టెలో సగం అతిథికి పెట్టే ముసలమ్మల్ని చూశారు. బాప్తిస్మం తీసుకోలేదు కాబట్టి వాళ్లందరూ అంతులేని అగ్నిలో ఉంటారంటే ప్రేమే దేవుడన్న మాటకి అర్థమేంటి? సిద్ధాంతంగా చదివినప్పుడు ఒప్పుకోగలిగిన మాట, పొరుగింటి మనిషి ముఖం చూశాక ఒప్పుకోలేకపోయారు.

ఇదే ముల్లు ఆయన స్నేహితుడికీ గుచ్చుకుంది. దీనబంధు ఆండ్రూస్ పేరు మీరు స్కూల్లో చదివే ఉంటారు. గాంధీకీ, టాగూర్‌కీ ఆప్తుడు. ఆయన ఇంగ్లండ్ చర్చిలో మతగురువు. ఆ చర్చి ప్రార్థనల్లో, ఈ విశ్వాసం లేనివాళ్లు నశిస్తారని చెప్పే ఒక పాఠం ఉంటుంది. దాన్ని నోటితో పలకలేక ఇబ్బంది పడి, చివరికి 1914 ప్రాంతంలో మతగురువు బాధ్యతలు వదిలేసి శాంతినికేతనం చేరారు. అయితే ఆండ్రూస్ క్రీస్తుని వదల్లేదు. ప్రతి దుఃఖితుడిలోనూ ఆయనకి క్రీస్తే కనపడ్డాడు. చనిపోయేదాకా క్రైస్తవుడే.

ఒక్కసారి ఆగి ఈ ముగ్గుర్నీ పక్కపక్కన పెట్టి చూడండి. సుందర్ సింగ్ సిక్కు ఇంట్లో పుట్టి క్రీస్తు దగ్గరికి వెళ్లారు. ఆండ్రూస్ క్రీస్తు దగ్గరే ఉండి పదవి వదిలేశారు. స్టోక్స్ ఇంకో గుమ్మం దాటారు. ముగ్గురూ స్నేహితులే. ఎవరి దారి ఎవరూ వెక్కిరించలేదు. స్టోక్స్ కథని మనం గెలిచాం, వాళ్లు ఓడిపోయారు అన్నట్టు చెప్పుకుంటే ఈ ముగ్గురికీ అన్యాయం చేసినట్టే. స్కోర్ బోర్డు పెట్టడానికి ఇదేం క్రికెట్ మ్యాచ్ కాదు.

ఇలా నలుగుతున్న రోజుల్లోనే ఇంట్లో పిడుగు పడింది. కొడుకు తారా, ఎనిమిదేళ్లవాడు, రక్త విరేచనాల జబ్బుతో చనిపోయాడు. ఈ రోజుల్లో అయితే మందులతో తగ్గిపోయే జబ్బు. కొండ మీద, ఆ రోజుల్లో, చేయగలిగింది తక్కువ. స్టోక్స్ ఆ బిడ్డ పేరు మీద తారా స్కూల్ అని బడి పెట్టారు. తన పిల్లలతో పాటు చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు కూడా అక్కడ చదువుకున్నారు.

బిడ్డని పోగొట్టుకున్న తండ్రికి మతం ఏం చెప్తుంది? ఇది తర్కంతో తేలే ప్రశ్న కాదు. ఎనిమిదేళ్లకే ముగిసిన జీవితానికి అర్థం ఏమిటి, ఒక్క జన్మలోనే అంతా తేలిపోవాలంటే ఆ పసివాడికి దొరికిన అవకాశం ఎంత? స్టోక్స్ సంస్కృతం నేర్చుకున్నారు. అనువాదాల మీద ఆధారపడకుండా గీతనీ, ఉపనిషత్తుల్నీ మూలంలోనే చదవాలని పట్టుబట్టి కూర్చున్నారు. అప్పటికి నలభై ఏళ్లు దాటిన మనిషి, తోట పని, పిల్లలు, అప్పులు, కేసులు అన్నీ నడుస్తుండగా.

గీత ఆరో అధ్యాయం మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. అక్కడ అర్జునుడు ఒక అనుమానం అడుగుతాడు. శ్రద్ధతో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయినవాడు విడిపోయిన మబ్బు తునకలా అటూ ఇటూ కాకుండా పోతాడా అని. కృష్ణుడి సమాధానం, అలాంటివాడికి నాశనం లేదు, ఆగిన చోటు నుంచే మళ్లీ జన్మలో మొదలవుతుందని. కర్మ, పునర్జన్మ అనే మాటలు మనకి చిన్నప్పటి నుంచి చెవిలో పడి అరిగిపోయాయి. నా కర్మ అని నుదురు కొట్టుకోవడానికి తప్ప వాడం. కానీ శాశ్వత నరకం అనే మాట గుండెల మీద బండలా ఉన్న మనిషికి అవే మాటలు ఎలా వినపడి ఉంటాయో చూడండి. పరిమితమైన తప్పుకి పరిమితమైన ఫలితమే ఉంటుంది. ఏ ప్రాణికీ తలుపు ఎప్పటికీ మూసుకుపోదు. ఏ ప్రయత్నమూ వృథా కాదు. ఆయనకి కావలసిన న్యాయమూ, ప్రేమా ఒకే చోట అక్కడ దొరికాయి.

తన ఆలోచనలన్నీ సత్యకామ అనే పుస్తకంగా రాశారు. 1931లో మన పక్కనే మద్రాసులో అచ్చయింది. జీవితానికి అర్థం ఏమిటన్నదే దాని విషయం. ఆ పేరు వినగానే మనకి ఛాందోగ్య ఉపనిషత్తులోని సత్యకామ జాబాలుడు గుర్తొస్తాడు. తండ్రి ఎవరో తెలియదని గురువు ముందు నిజం చెప్పి, ఆ నిజం వల్లే శిష్యుడైన పిల్లవాడు.

1932లో ఆర్య సమాజం పద్ధతిలో శుద్ధి జరిగింది. శామ్యూల్ సత్యానంద్ అయ్యారు. ఆగ్నెస్ ప్రియాదేవి అయ్యారు. పిల్లలు కూడా హిందూ ధర్మంలోకి వచ్చారు. ఆయన వయసు అప్పుడు 50.

కారణం తత్వశాస్త్రం ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఇంకో కారణం చాలా మామూలుది, మన ఇళ్లలో రోజూ వినపడేది: పిల్లల భవిష్యత్తు. కొండల్లో ఒంటరిగా ఉన్న ఒక క్రైస్తవ కుటుంబంగా, సగం విదేశీ రక్తంతో, వాళ్లు ఎవరితో కలుస్తారు? ఊరి పండగలు వాళ్లవి కావు, ఊరి పెళ్లిళ్లు వాళ్లవి కావు. చుట్టూ ఉన్న సమాజంలో పిల్లలు పూర్తిగా కలిసిపోవాలని ఆయన కోరిక. కొందరు దీన్ని విని కొంచెం నిరాశపడతారు, అంత గొప్ప మనిషికి ఇలాంటి లెక్కలేంటని. నాకైతే ఇందులో తప్పేమీ కనపడదు. 1912లో పెళ్లి చేసుకున్నప్పుడు మొదలుపెట్టిన ప్రయాణమే ఇది. వాళ్లలో ఒకడు కావాలని వచ్చినవాడు ఆఖరి గీత కూడా చెరిపేశాడు.

కాకపోతే ఇక్కడ ప్రియాదేవి గారి వైపు నుంచి కూడా ఈ కథ వినాలనిపిస్తుంది. ఆమె పెద్దలు ఒకసారి హిందూ ధర్మం నుంచి క్రైస్తవంలోకి వెళ్లారు, దాని మూల్యం బంధువుల దగ్గర చెల్లించే ఉంటారు. ఇప్పుడు భర్త వెతుకులాట ఆమెని మళ్లీ వెనక్కి తెచ్చింది. ఇంటి పెద్ద తీసుకునే ఇలాంటి నిర్ణయం ఆయన ఒక్కడి మీదే పడదు కదా, ఇల్లంతా మోయాలి. స్టోక్స్ గురించి రాసినవాళ్లు ఈ వైపు ఇంకాస్త నిలబడి ఉంటే బాగుండేది.

మతం మారాక ఆయన బైబిల్‌ని మూలన పడేయలేదు, యేసు మీద గౌరవం తగ్గించుకోలేదు. తనని ఇండియాకి, కుష్టు రోగుల దగ్గరికి, పేదవాడి గుడిసెకి తీసుకొచ్చింది ఆయనే కదా. మారింది దేవుడి ప్రేమ ఎక్కడ ఆగిపోతుంది అన్న లెక్క. ఎక్కడా ఆగదు అనే చోటికి సత్యానంద్ చేరారు.

1937లో థానేదార్‌లో, తన ఇంటి దగ్గర్లోనే ఆయన ఒక మందిరం కట్టించారు. రాయీ, దేవదారు కర్రా కలిపి కొండల పద్ధతిలో కట్టిన చిన్న మందిరం. లోపల కర్ర మీద గీతలోని, ఉపనిషత్తుల్లోని వాక్యాలు చెక్కించారు. దానికి పెట్టిన పేరు పరంజ్యోతి మందిరం. ఫిలడెల్ఫియాలో ఆ మౌన ప్రార్థనా గదిలో చిన్న పిల్లాడిగా విన్న లోపలి వెలుగుకీ, యాభై దాటాక గుడికి పెట్టుకున్న ఈ పేరుకీ సంబంధం ఉందని ఆయన ఎక్కడైనా చెప్పారో లేదో కానీ, నాకు మాత్రం రెండూ ఒకే దీపంలా కనపడతాయి.

ఆఖరి సంవత్సరాల్లో రాజకీయాలకి దూరంగా, తోటలోనూ, పుస్తకాల మధ్యా గడిపారు. 1946 మే 14న, చాలాకాలం జబ్బుగా ఉండి, 63 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు. ఏ స్వాతంత్ర్యం కోసం జైలుకి వెళ్లారో అది ఇంకో పదిహేను నెలలకి వచ్చింది. ఆ మే నెలకి కోట్‌గఢ్ ఆపిల్ చెట్ల మీద పూత రాలిపోయి పిందె పడే కాలం.

సిమ్లా టూర్ ప్లాన్ చేసుకునేవాళ్లు మాల్ రోడ్, కుఫ్రీ చూసి వెనక్కి వచ్చేస్తుంటారు. ఒక రోజు ఎక్కువ పెట్టుకోగలిగితే నార్కండా మీదుగా థానేదార్ వెళ్లండి. సిమ్లా నుంచి దాదాపు 80 కిలోమీటర్లు. దారి పొడవునా తోటలే. హార్మొనీ హాల్, పరంజ్యోతి మందిరం రెండూ ఆ కొండ మీదే ఉన్నాయి. మందిరంలో దేవనాగరి చదవడం వచ్చినవాళ్లు కొంచెం టైం తీసుకుని, గోడల మీది వాక్యాలు ఒక్కొక్కటిగా చదువుకుంటూ తిరగండి.